మగ్గాల చరణం

సద్దుల బతుకమ్మ రాత్రి, నాగావ్

ఏ ఏటి కష్టం ఆ ఏటి బతుకమ్మ పాటలో ఉండాలని నాకు నేర్పింది మా వదినే. వరద వచ్చిన ఏడు వరద మీద రాశాను. కరోనా ఏడు, ఈ మగ్గాల బస్తీ నుంచి సొంతూళ్లకు కాలినడకన పోయినవాళ్ల మీద రాశాను. అప్పుడు మెచ్చుకుంది. ఈసారి మగ్గాల మీద రాస్తే మాత్రం మొహం ముడుచుకుంది. పోయిన వారమే నష్టాలకు తాళలేక మా అన్న అమ్మేసిన కార్ఖానా మరమగ్గాలన్నిటినీ భంగార్‌వాలా సుత్తెలతో పగలగొట్టించి, తుక్కు కింద టెంపోలో వేసుకుపోయాడు.

"గా చరణం తీసెయ్ రాజేశం. పండుగ పూట నన్ను ఏడిపిస్తవా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "సంతోషం వాయించనీకి నేనేమన్న పెండ్లి బ్యాండోన్నా, వదినా?" అన్నాను. అయినా తీసేశాను. చూసింది రాయకపోతే నేనెందుకు? రాసి ఆమెను ఏడిపిస్తే మాత్రం మగ్గాలు తిరిగొస్తాయా...

సాయంత్రం వదినే పాట చెప్పింది. ఆడవాళ్లంతా ఉయ్యాలో అంటూ అందుకున్నారు. తీసేసిన చరణం ఉండాల్సిన చోటికి వచ్చాక ఆమె తర్వాతిది ఎత్తుకోలేదు. నోరు మూసుకుని, చప్పట్లు మాత్రం కొడుతూ బతుకమ్మల చుట్టూ తిరిగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరూ అలాగే తిరిగారు. మాటల్లేవు. మగ్గాలు ఆడుతున్న చప్పుడులాగే, ఒకే వేగంతో చప్పట్లు.

గల్లీ చివర తల వంచుకుని నిలబడ్డ అన్న ఉలిక్కిపడి తలెత్తాడు. ఆడవాళ్ల వైపు కాదు, తాళం వేసిన కార్ఖానా వైపు చూశాడు.