ఫైళ్లు తెరిచిపెట్టే పిల్ల

అన్నయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా, అక్కడ నువ్వూ వదినా కులాసా అనుకుంటాను. నాన్న కులాసా ఎలాంటిదో ముందుకు పోయాక రాస్తాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో "అది సరే గానీ" అంటావు. కాగితానికి ఆ అలవాటు లేదు.

కిందటి ఉత్తరంలో వదినతో కలిసి నన్ను మెచ్చుకున్నావు. నోట్లో నాలుక లేని పిల్లనట, ఎవరేమన్నా మనసులో పెట్టుకోనట. చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో నాకిదే ఖర్మ. నేను మాట్లాడకపోతే శాంతం అనుకున్నారు. వింటున్నానని ఒక్కరికీ తోచలేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. మేడమెట్ల మీది బల్బు నేనే మార్చాను. వదిన జాకెట్లు కుట్టిన పక్కవీధి ఆవిడ మోకాళ్ల నొప్పులతో కొట్టు మూసేసింది. నాన్న బాగానే తింటున్నారు, నడకకి మాత్రం వెళ్లడం మానేశారు.

ఇక నీ అసలు ప్రశ్న, నాన్నకి ఈ మతిమరుపు ఎప్పుడు మొదలైందని. ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి కంప్యూటరు ముందు కూర్చున్నారు. సినిమా బొమ్మ కింద కనిపించే మాటలు రాసే పని కదా, ఎప్పట్లాగే ఫైలు మీద రెండుసార్లు నొక్కారు. తెరంతా నల్లగా అయింది. టైపు చేస్తే అక్షరాలు పడలేదు సరికదా, ఉన్న లైన్లే ఒక్కొక్కటీ మాయమయ్యాయి.

"ఏమే, ఏమైంది దీనికి?"

"దానికేం కాలేదు నాన్నా. ఎలా చెయ్యాలో నిన్నే చెప్పానుగా."

"నిన్నా? నాకా?"

"మీకే. రాసుకోమంటే అక్కర్లేదన్నారు."

నేను వెళ్లి అదే ఫైలు తెరిచి చూపించాను. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఆయన దానికేసి కాదు, తన వేళ్లకేసి చూసుకున్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చోవడం లేదు. పొద్దున్నే స్నానాల గదిలోంచి పదిహేడో ఎక్కం వినిపిస్తుంది. గొంతు తగ్గించి అప్పజెప్పుకుంటారు. ఒక్క తప్పు కూడా పోదు. అయినా బయటికొచ్చేటప్పటికి మొహం పాలిపోయి ఉంటుంది.

నాన్నకి మతిమరుపని విని నువ్వేం రాశావు? "వచ్చిన ఉద్యోగం వద్దనెయ్. నాన్నని కనిపెట్టుకుని ఉండు. ఓపిగ్గా నేర్పు." కొరివితో తల గోక్కున్నట్టయింది నాకు.

ఎందుకో చెబుతాను. చదువైపోయి ఇంటికొచ్చిన నాటి నుంచీ ఆ సినిమాల మాటలు రాస్తున్నది నేను. నాన్న రెండు కామాలు మార్చి కింద తన పేరు పెట్టుకుంటారు. పోనీలే అనుకున్నాను. ఆ నల్లతెర మధ్యాహ్నానికి ముందురోజు స్టూడియో మేనేజరు ఇంటికొచ్చాడు.

"గురువుగారూ, మీ మాటలకి వయసు తగ్గిందండీ. ఎవరైనా సాయం చేస్తున్నారా?"

నేను అతని ముందు టీ కప్పు పెడుతున్నాను.

"సాయమా?" అన్నారు నాన్న. "మా అమ్మాయి ఫైళ్లు తెరిచిపెడుతుంది, అంతే."

"అదీ ఒక పనేనాండీ," అని మేనేజరు నవ్వాడు. నాన్న ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ సాయంత్రమే దాన్ని ఒక పనిగా మార్చాను.

ఫైలు మీద నొక్కితే అది ఏ ఎడిటరులో, అంటే రాసుకునే ఏ ప్రోగ్రాములో, తెరుచుకోవాలో కంప్యూటరుకి ముందే చెప్పి ఉంచుతాం. నాన్నకి అలవాటైనదాన్ని తప్పించి, నేను కాలేజీలో వాడిన నల్లటి ఎడిటరుని ఆ స్థానంలో పెట్టాను. అందులో నొక్కిన ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞే. పద్ధతి తెలియనివాళ్లకి రాయడమూ రాదు, బయటపడడమూ రాదు. చూపించమన్నప్పుడు నేను ముందు పాత ఎడిటరు తెరిచి, దాని లోపలి నుంచి ఫైలు తెచ్చేదాన్ని. ఆయన నా చేతుల్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి తేడా తెలియలేదు. ముందు రోజు నేను చెప్పిందీ లేదు, ఆయన మరిచిపోయిందీ లేదు.

"నువ్వు లేకపోతే నా పని సాగదే" అని ఒక్కసారి అంటే తీసేద్దామనుకున్నాను. ఆయన అనలేదు. ఆ మాటకంటే తన మతి పోయిందని నమ్మడమే ఆయనకి తేలికయింది.

నాన్నకి ఏ జబ్బూ లేదు. డాక్టరు కోసం వెతకొద్దు. పాత ఎడిటరు మళ్లీ పెట్టడం నిమిషం పని. ఫైలు మీద మౌసు కుడి బటన్ నొక్కి, దేనితో తెరవాలో అడిగేచోట పాతదాన్ని ఎంచుకుని, 'ఎప్పుడూ ఇదే' అన్న గడిలో టిక్కు పెట్టాలి. నేను పెట్టను. నువ్వే ఆయన్ని ఫోన్లో కూర్చోబెట్టి నేర్పు, ఓపిగ్గా. అందాకా ఎక్కాలు చదువుకుంటారు. ఇది చెల్లెలి పనేనని చెప్పినా నాకేం ఇబ్బంది లేదు. ఆయన నమ్మరు. ఫైళ్లు తెరిచిపెట్టే పిల్లకి అంత తెలివెక్కడిది?

ఉద్యోగానికి వస్తున్నానని రాసేశాను. అక్కడ నేను రాసినదాని కింద నా పేరే వేస్తారు. ఈ ఉత్తరం నీకు అందేటప్పటికి నేను ఈ ఇంట్లో ఉండను.

ఇట్లు,
నీకున్న ఒక్క చెల్లెలు