వాన పడినాక పోయి చూడు

తిరుపతి,
ఆడి (ఆషాఢం) నెల, ఆదివారం.

తమ్ముడు మణికి,

అక్క రెడ్డెమ్మ నిండు మనసుతో దీవించి రాసేది. ఈడ నేను, మీ బావ, పాప ఒంట్లో బాగానే ఉండాము. ఆడ నువ్వు, గౌరి, పిలకాయలు బాగుండారని తలుస్తా ఉండాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది? ఈ నెలలో పలమనేరులో గాలి జాస్తి కదా, తెల్లారేసరికే పాలు పితకడానికి ఆమెను లేయనీకు. కర్రావు ఈనిందా? పెయ్యా, కోడెనా? జున్ను తలుచుకుంటే నోరూరతాది. ఈడ జున్నని అమ్మేదాంట్లో జున్నే ఉండదు.

నేను లేడీస్ హాస్టల్లో వంటకు పోతానే ఉండాను. పొద్దున ఇడ్లీ, సాయంత్రం చపాతీ. రుద్దీ రుద్దీ భుజాలు పట్టుకుంటాయి కానీ ఆడపిల్లలు మంచోళ్ళు, అక్కా అక్కా అని తిరుగుతా ఉంటారు. మీ బావ మోటర్ల రిపేరు అంగడికి పోతా ఉండాడు. సంగటి మాత్రం ఆదివారం ఒక్కరోజే చేసుకుంటాము. ఎండలు ఇంకా తగ్గలేదు. వీధిలో అందరూ తలుపులేసుకోని ఉంటారు, ఆడ మనూర్లో మాదిరి వాకిట్లో కూర్చోని మాట్లాడేవాళ్ళు లేరు. అయినా బాగుండాము, మా గురించి దిగులు పడొద్దు.

ఫోన్ ఉండగా ఈ కాయితమేందని అనుకోవద్దు. ఫోన్లో ఇంత మాట నేను చెప్పలేను. చిత్తూర్లో ఇల్లు చూసినావని, ఈ శుక్రవారం అడ్వాన్సు ఇస్తామని గౌరి పంపిన ఫోటోలు చూసినాను. నువ్వు అడ్వాన్సు ఇయ్యక ముందే ఇది నీ చేతికి రావాల. హాస్టల్లో గిన్నెలు కడిగే ఆమె రేపు పలమనేరు పోతా ఉండాది, ఆమెకిచ్చి పంపతాను. మా ఇంట్లో జరిగింది నీకు సగమే తెలుసు. ఇప్పుడు అంతా రాస్తాను, ఓపిగ్గా చదువు.

పోయిన ఏడు ఎండాకాలంలో మేము ఈ ఇల్లు చూసినాము. కొండ కిందే. మునిమాపులో వాకిట్లో నిలబడితే అలిపిరి మెట్లదోవ లైట్లు కనపడతాయి. ఊరొదిలేటప్పుడు మా ఆవుల్ని అమ్మితే నేను ఎట్ల ఏడ్చినానో నువ్వు చూసినావు. ఆ లైట్లు చూసినాక, సర్లే, స్వామి కాళ్ళకాడికే వచ్చినాము అని మనసు కుదుట పడింది.

కాయితాలన్నీ వకీలుకు చూపించినాము. ఇంటిమీద అప్పు లేదని ఈసీ తీయించినాము. లింకు డాక్యుమెంట్లు మొదలుకోని అన్నీ సరిగ్గా ఉండాయనినాడు ఆయన. నిజంగానే ఉండాయి. ఈ పొద్దుటికీ ఆ కాయితాల్లో ఏ తప్పూ లేదు. తప్పంతా నేల కింద ఉండాది.

హాల్లో గోడలకు నడుమెత్తు టైల్సు అంటించుండారు. వంటింట్లో అంటే సరే, హాల్లో ఎందుకని నేను అడిగినాను కూడా. అమ్మే ఆయన నవ్వి, "పిలకాయలు గోడలు పాడుచేస్తారు కదమ్మా, తుడుచుకోడానికి" అనినాడు. బాగుండాదే అనుకున్నాను. పక్కింటోళ్ళు నీళ్ళ మోటరును గోడకు ఇనుప స్టాండు కొట్టి ఛాతీ ఎత్తున పెట్టుకోనుండారు. మీ బావ మోటర్ల మనిషి కదా, దాన్ని చూసి "ఎవురో తెలివైనోడు పెట్టినాడు" అనినాడు, అంతే. ఎందుకు పెట్టినాడని అడగలేదు. ఇంటెనక ఖాళీ జాగాలో నడి ఎండాకాలంలో కూడా తుంగ పచ్చగా ఉండాది. మణీ, వరిమడి చేసినదాన్ని, తుంగ యాడ మొలుస్తాదో నాకు తెలీదా? అయినా టౌన్లో కూడా కంటికి రవంత పచ్చదనం ఉండాదని మురిసిపోయినాను. ఇల్లు కొనేసినాము.

కార్తీక మాసంలో వాన పట్టుకునింది. తెల్లారేసరికి కొండ మింద నుంచి తెల్లగా జలపాతాలు దిగతా ఉండాయి. వీధిలో అందరూ మిద్దెలెక్కి ఫోటోలు తీసుకుంటా ఉండారు. మేమూ తీసుకున్నాము, నీకు కూడా పంపినట్టుండాము. మధ్యాన్నానికి వీధిలో నీళ్ళు నిలిచినాయి. మీ బావ సిమెంటు సంచుల్లో మన్ను నింపి గడపకు అడ్డం పేర్చినాడు. గట్టిగా తొక్కి, "ఇంక ఒక్క చుక్క రాదు" అనినాడు.

అంతలో లోపల్నుంచి పాప అరిచింది. "అమ్మా, బాత్రూములోంచి వస్తా ఉండాది!"

పోయి చూస్తే గొట్టంలోంచి నీళ్ళు పైకి పొంగతా ఉండాయి. గుడ్డలు కుక్కినాము. కుక్కి లేచి చూస్తే హాల్లో టైల్సు సందుల్లోంచి నీళ్ళు ఊరతా ఉండాయి. నుదుటికి చెమట పట్టినట్టు నేలకు నీళ్ళు పట్టినాయి. గడప కాడ సంచులు పేర్చింది పేర్చినట్టే ఉండాయి, బయటి నీళ్ళు వాటిని దాటనే లేదు. మా ఇల్లే లోపల్నుంచి నిండింది.

మీ బావ అంగడికి పరిగెత్తిపోయి మోటరు తెచ్చి పెట్టినాడు. తోడిన నీళ్ళు తోడినట్టే వీధిలోకి పోతాయి. వీధిలో పోయేదానికి దోవ లేదు, మళ్ళా నేల కింద నుంచి మన ఇంట్లోకే వస్తాయి. చీకటి పడేదాకా తోడినాడు. ఎంత చెప్పినా ఆపలా. ఆఖరికి మోటరు తనంతట తానే ఆగిపోతే, దాని పక్కనే నీళ్ళలో కూర్చునేసినాడు. ఎవురి మోటరైనా చెయ్యి పెడితే తిరిగేటట్టు చేసే మనిషి, తమ్ముడూ. ఆయన్ని అట్ల నేనెప్పుడూ చూడలా.

పక్కింటి మంగమ్మక్క వచ్చి మమ్మల్ని వాళ్ళ మిద్దె మీదికి పిలుచుకోని పోయింది. కాఫీ ఇచ్చింది, పాపకు పొడి బట్టలిచ్చింది. నేను ఆమెనే అడిగినాను.

"అక్కా, ఇట్ల వస్తాదని మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా. ఇది వంక నీళ్ళు పోయే దోవ. నేను కొత్తకోడలుగా వచ్చినప్పుడు మీ ఇల్లుండే తావే గుడ్డలు ఉతుక్కునేవాళ్ళం. తర్వాత మన్ను తోలి పూడ్చి ప్లాట్లేసినారు."

"మరి మాకు ఒక్క మాట చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదమ్మా" అనింది. తర్వాత పాప తల తుడుస్తా, "అడగని మాట చెప్పి ఒకరి అమ్మకం చెడగొడితే మా ఇంటిమీదికి రారా?" అనింది.

ఆమె మీద నాకు కోపం రాలా. కోపం వచ్చింటే కొంచెం తేలికయ్యేదేమో.

నీళ్ళు తీసినాక మేస్త్రీని పిలిపించినాము. నేల ఎత్తు చేస్తే సరిపోతాదనినాడు. ఎత్తు చేసినాము. ఇప్పుడు మీ బావ వంటింటి వాకిట్లో తల వంచుకోనే రావాల. నేల ఎత్తయ్యేసరికి తేమ గోడల్లోకి ఎక్కింది. ఇంకొకడొచ్చి మందు పూస్తే ఆగిపోతాదనినాడు. పూసినాము. ఆ మందు మీద రంగు బొబ్బలెక్కి రాలిపోయింది. ఆ మధ్యలో వీధిలో కొత్త రోడ్డేసినారు, రోడ్డు మా గడప కంటే పైకొచ్చింది. పాపకు దగ్గు పట్టుకోని నెల పొడుగునా వదల్లా. అర్జీలు కూడా పెట్టినాము. ఒక ఆఫీసులో ఒక పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టి, "వంకను ఇప్పుడు యాడికి తిప్పేదమ్మా? మీ ఇల్లొకటే కాదు, వీధికి వీధే దాని దోవలో ఉండాది" అనినాడు. ఉండే మాట చెప్పిన మనిషితో ఏమని కొట్లాడేది? లేచి వచ్చేసినాము.

ఈ ఏడు ఎండలు మొదలయ్యేసరికి మీ బావ అమ్మేద్దామనినాడు. బ్రోకరు వచ్చి చూసి, "వానలు రాకముందే బిన్నె, తొందరగా అమ్మేయాల. రంగు కొట్టి పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను" అనినాడు. మీ బావే రంగు కొట్టినాడు. గదుల్లో గోడల కింద బొబ్బలు గీకి, నున్నగా రుద్ది, ఎంత బాగా కొట్టినాడో. నేను నిచ్చెన పట్టుకున్నాను.

ఒకరోజు చిన్న వయసు మొగుడూపెళ్ళాలు వచ్చినారు. ఆ అమ్మాయికి నెలలు నిండతా ఉండాయి. ఇల్లంతా తిరిగి అలిసిపోయి హాల్లో గోడకు వీపానించి కింద కూర్చునింది. కళ్ళు మూసుకోని, "ఎంత చల్లగా ఉండాదక్కా మీ ఇల్లు" అనింది. బయట అంత ఎండ. ఆ చల్లదనం యాడ నుంచి వస్తాదో నాకు తెలుసు, మీ బావకు తెలుసు. లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చినాను. మీ బావ నా మొగం చూసి తల దించుకున్నాడు.

వాళ్ళకు ఇల్లు నచ్చింది. మీ బావ, ఆ అబ్బాయి, బ్రోకరు మిద్దె చూడ్డానికి పైకి పోయినారు. నేను ఆ అమ్మాయిని పిలుచుకోని గేటు కాడికి వచ్చినాను. చెప్పాలని అనుకోలా మణీ, నోట్లోంచి అదే వచ్చేసింది.

"అమ్మా, ఇప్పుడే బేరం చేసుకోవద్దు. వాన పడినాక ఒకసారి వచ్చి చూడండి."

"ఎందుకక్కా? నీళ్ళొస్తాయా వీధిలోకి?"

"వీధిలోకి కాదు. ఇంట్లోకి, కింద నుంచి."

ఆ అమ్మాయి నన్నే చూస్తా నిలబడింది. నేను కోపం వస్తాదనుకున్నాను, లేదంటే దండం పెడతాదనుకున్నాను. ఆ రెండూ కాదు.

"మరి మీరు ఎట్లుంటారక్కా దీంట్లో?" అనింది.

నేను గేటు గడియ తీసినాను.

వాళ్ళు మళ్ళీ రాలా. బ్రోకరుకు సంగతి తెలిసి మా వీధి మొగమే చూడ్డంలేదు. మీ బావకు ఆ రాత్రే నేను చెప్పినాను. మూడోరోజు ఆయన అన్నం తింటా తింటా, "నువ్వు చెప్పింది తప్పని నేననను రెడ్డెమ్మా. నేనైతే చెప్పింటానో లేదో నాకు తెలీదు. అయితే ఇప్పుడు మనం చేసేదేంది, అది చెప్పు" అనినాడు. చారు పోసినాను. తిని లేచిపోయినాడు.

ఇప్పుడు ఫ్రిజ్జుకు ఎత్తు స్టాండు చేసినాడు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టినాడు. బట్టలన్నీ అటక మీదికి ఎక్కించినాము. వానల కోసం కాచుకోని కూర్చోనుండాము. కొట్టిన రంగు అప్పుడే కింద పొంగతా ఉండాది.

ఇంక నీ ఇంటి మాట. ఫోటోలో హాలు మూల చూడు, కింద జానెడు మేర రంగు కొత్తది, పైన పాతది. బాత్రూము నేల, హాలు నేల ఒకే మట్టాన ఉండాయి. అది మంచి ఇల్లే కావొచ్చు, నేను భయపడినదాన్ని కాబట్టి నాకు అన్నీ అట్లే కనపడతా ఉండొచ్చు. అయినా శుక్రవారం అడ్వాన్సు ఇయ్యొద్దు. చిత్తూర్లో గట్టి వాన పడినాక, ఆ మర్నాడే పో. బ్రోకరుకు చెప్పకుండా పో. అమ్మేవాళ్ళను అడిగి ఏం లాభం లేదు, ఆ వీధిలో ఇస్త్రీ చేసేవాణ్ణి అడుగు, టీ అంగడాయన్ని అడుగు, కొళాయి కాడ ఆడోళ్ళను గౌరి చేత అడిగించు. వాళ్ళు అబద్ధం చెప్పరు. కానీ అడిగితేనే చెప్తారు. పక్కిండ్ల గడపలు ఎంత ఎత్తున ఉండాయో చూడు, మోటర్లు యాడ పెట్టుకున్నారో చూడు, ఎనకాల ఏం మొలిచిందో చూడు. వాకిట్లో ఒక బిందె నీళ్ళు పోసి ఎటు పోతాయో చూడు. కాయితాలు వకీలుకు ఎట్లాగూ చూపిస్తావు, అది మానొద్దు, కానీ అదొక్కటే నమ్మొద్దు. ఆలస్యమైతే ఇంకెవురో కొనేస్తారని తొందర పెడతారు. కొంటే కొననీ. ఉండే ఇంట్లోనే ఇంకో ఏడుంటే ఏం పోతాది.

నీ కొలీగుల్లో ఎవురికైనా ఇల్లు కావాలంటే మాత్రం మా ఇల్లు చెప్పొద్దు. నాకోసమని కూడా చెప్పొద్దు.

ఎవురైనా ఇటు వస్తా ఉంటే రాగిపిండి, కొన్ని అనపగింజలు పంపు. పాప పాత స్వెటరు ఒకటి ఆడ పెట్టెలో ఉండాది, అది కూడా.

ఇంకొక సంగతి. కార్తీకంలో మా ఇంటికొచ్చి పది దినాలుండి కొండకు పోవాలని అమ్మ ఆశపడతా ఉండాదని గౌరి చెప్పింది. డెయిరీ కాడ పాలు పోయడానికి వచ్చినోళ్ళందరికీ మా రెడ్డెమ్మ కొండ కింద సొంత ఇంట్లో ఉండాదని చెప్పుకుంటా ఉండాదంట. ఆ నెల్లోనే మణీ, వానలు పడేది. ఆ మోకాళ్ళతో ఆమెను ఏ నీళ్ళలో నడిపించేది? ముక్కూమొగం తెలీని పిల్లకు గేటు కాడ నిలబడి చెప్పగలిగినాను, కన్నతల్లికి మాత్రం రావొద్దని చెప్పే నోరు నాకు లేదు. పాపకు పరీక్షలని చెప్పు. కాదంటే నాకు సెలవు దొరకలేదని చెప్పు. ఏదో ఒకటి నువ్వే చెప్పు, తమ్ముడూ.

అమ్మ పాదాలకు నా మొక్కులు. గౌరికి, పిలకాయలకు నా దీవెనలు, మీ బావ అడిగినాడని చెప్పు.

మీ అందరి చల్లని మాట కోరే అక్క,
రెడ్డెమ్మ