కొట్టంలోంచి పాట

గాంధారి,
శ్రావణం, 1987

నా బద్రూకి,

ట్రైనింగులో నా పక్క చాప మీద పడుకుని, ఉడకని అన్నం చూసి నాతో సమంగా నవ్విన బద్రున్నీసాకి తప్ప ఈ సంగతి ఇంకెవరికీ చెప్పుకోలేను. మా ఆయనకు కూడా చెప్పలేదు. చదివి తిట్టు. తిట్టకపోతే నాకు అన్నం సహించదు.

మా అంగన్‌వాడి సర్కారుదని పేరే గానీ నిలబెట్టింది ఊరే. గంగారాం పటేలు తన ఇంటి ముందటి అర్ర ఇచ్చాడు. దుకాణం జమీర్ భాయ్ చాపలు, బెల్లం ఇచ్చాడు. మహిళా మండలి వాళ్లు వంతులవారీగా కట్టెలు, కూరాకు తెస్తారు. రోజూ వచ్చే పిల్లలు మాత్రం దాదాపు అందరూ తండావాళ్లే. తల్లులు కూలికి పోతూ పొద్దున్నే దించిపోతారు. పటేలు మనుమలు, దుకాణాల వాళ్ల పిల్లలు ఎప్పుడో బుద్ధి పుడితే తొంగిచూస్తారు.

కేంద్రాల తనిఖీకి పెద్దమేడం కామారెడ్డి నుంచి వస్తున్నారని కబురొచ్చింది. ఆమెకు నచ్చితే కేంద్రం మా ఊళ్లో ఉంటుంది, లేదంటే పక్క ఊరికి పోతుంది. ముందురోజు పటేలు భార్య విమలమ్మ నన్ను పిలిచింది.

"టీచరమ్మా, మేడం ముంగట గా చీమిడి ముక్కులేంది? మా మన్మలను, దుకాణమోళ్ల పోరగాండ్లను తయారుచేసి పంపిస్త. తండోళ్లను జరసేపు ఎనక కొట్టంల కూసోపెట్టు. పోయేది మన ఊరి ఇజ్జతే గద!"

కాదనాల్సింది. బద్రూ, అసలు సిగ్గంతా ఇక్కడే ఉంది. నాకు కాదనాలని అనిపించనే లేదు. హమ్మయ్య అనుకున్నాను. నేనే వాళ్లను కొట్టంలో బర్రెల పక్కన కూర్చోబెట్టి, చేతుల్లో మరమరాలు పోసి, మూతి మీద వేలు పెట్టి చూపించాను. మంగ్లి అనే చిన్నపిల్ల అందరికంటే ముందు మూతి మీద వేలు పెట్టుకుంది.

మేడం వచ్చారు. పౌడరు పూసుకున్న పిల్లల్ని చూసి మురిసిపోయారు. "ఏదీ, చేతులు కడుక్కునే పాట పాడండి" అన్నారు. ఎలా పాడతారు? ఒక్కరికీ రాదు. పటేలు మనుమడు ఏడుపు మొదలుపెట్టాడు. వాళ్లు అందుకుంటారేమోనని నేనే మొదటి చరణం పాడాను. రెండో చరణం గోడ వెనక నుంచి వచ్చింది. వరస తప్పకుండా, గొంతులు చించుకుని, కొట్టంలో వాళ్లంతా పాడారు.

మేడం నా మొహం చూశారు. "మళ్లీ వస్తాను" అని మాత్రం అని జీపెక్కారు. "పోరగాండ్ల నోరు గూడ మూపియ్యరాదా నీకు!" అని విమలమ్మ మండిపడింది. సాయంత్రం మంగ్లి నా కొంగు పట్టుకుని, "మంచిగ పాడినమా టీచర్?" అంది. అవునన్నాను. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రాజీనామా ఇచ్చేస్తాను. ఈ మొహంతో వాళ్లకు ఏం నేర్పను?

నీ
శాంత

నాగిరెడ్డిపేట

అరె పాగల్ శాంతా,

తిట్టమన్నావు కాబట్టి కడుపునిండా తిడుతున్నాను. సిగ్గులేనిదానా! రాజీనామా ఇచ్చి నువ్వు ఇంట్లో హాయిగా ఏడుస్తావు, మరి ఆ తల్లులు కూలికి పోతూ పిల్లల్ని ఎవరి దగ్గర దించాలి? విమలమ్మ దగ్గరా? అర్ర ఇచ్చినంత మాత్రాన పిల్లల్ని ఏరే హక్కు వస్తుందా? మేడం మళ్లీ వస్తానన్నారుగా. ఆ రోజు నీ పిల్లల్ని ముందు కూర్చోబెట్టు. అప్పటికీ ఏడుపొస్తే మా ఇంటికి రా, ఇద్దరం కలిసి ఏడుద్దాం.

నీ తిట్లమారి
బద్రున్నీసా

గాంధారి

బద్రూ,

నీ తిట్లు పనిచేశాయి. "పిల్లలందరు ఒక్క చాప మీదనే కూసుంటరు. అర్ర ఇయ్యకుంటే బయటనే కూసోపెట్టుకుంట" అని విమలమ్మతో చెప్పేశాను. ఆమె మూతి తిప్పుకుంది గానీ తాళం వెయ్యలేదు. మేడం వచ్చే రోజున తండా పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాను. ముక్కులు తుడిచాను. అబద్ధమెందుకు, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

వీధి మలుపులో జీపు చప్పుడైంది. అంతే, మంగ్లి లేచింది. దాని వెనకే మిగతావాళ్లు లేచారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వరసగా కొట్టంలోకి పోయి బర్రెల పక్కన కూర్చుని మూతుల మీద వేళ్లు పెట్టుకున్నారు. చేతులు కడుక్కునే పాట నేర్పడానికి నేనెంత తంటాలు పడ్డానో నీకు తెలుసు. ఇది మాత్రం ఒక్కపూటలో నేర్పేశాను.

"రాండ్రి బిడ్డా, ఇయ్యాల గట్ల కూసునుడు వద్దు" అని బతిమాలాను. మంగ్లి కదల్లేదు. నాకే ధైర్యం చెబుతున్నట్టు, "ఈపాలి పాడం టీచర్. సప్పుడు చెయ్యం" అంది.

నేను ఆ పేడలోనే వాళ్ల పక్కన కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. మేడం వెతుక్కుంటూ కొట్టంలోకే వచ్చారు.

"వీళ్లే మా అంగన్‌వాడి పిల్లలు మేడం. నేనే దాచిన" అన్నాను.

ఆమె మూతుల మీద వేళ్లు పెట్టుకున్న పిల్లల్ని ఒక్కొక్కరినే చూశారు. తర్వాత, "కేంద్రం మీ ఊళ్లోనే ఉంటుంది. ఈ ఇంట్లో మాత్రం వద్దు, తండాలో పెట్టండి" అన్నారు. చాపలు జమీర్ భాయ్ తనే తండాకు మోసుకొచ్చాడు. మండలి వాళ్లలో కొందరు మానేశారు, కొందరు తండా దాకా నడిచి కట్టెలు తెస్తున్నారు. తల్లులకు సంబరంగా ఉంది.

మంగ్లి మాత్రం పాడటం లేదు. నేను పాట ఎత్తుకోగానే అది దారివైపు చూస్తుంది.

నీ
శాంత