గూడకు రెండో మనిషి

బాన్సువాడ మున్సిపల్ కమిషనర్ గారి సముఖమునకు,
కాలువగట్టు కాలనీ నివాసి, సహకార సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరయిన వెంకటనారాయణ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కాలనీ పార్కులో చెట్లకు నీళ్ళు పెట్టుటకు తమరు దయతో మంజూరు చేసిన మోటారును రద్దు చేసి, బదులుగా ఆదివారం పూట ఒక మనిషిని మంజూరు చేయుట గురించి.

1. తమకు మనవి చేయునది ఏమనగా, సదరు పార్కులో ప్రతి ఆదివారం పొద్దున కాలనీవాసులు శ్రమదానం చేయుట కలదు. మొదట్లో జనం బాగానే వచ్చేవారు. పాదులు తవ్వేవారు, కలుపు తీసేవారు, మొక్కలకు ఊతకర్రలు కట్టేవారు. తర్వాత అందరం కలిసి ఉప్మా తినేవాళ్ళం. ఫొటోలు కూడా దిగేవారు. ఫొటోలు చాలినన్ని అయినట్టున్నాయి, క్రమేణా నేనూ, టైలర్ జలీల్ గారూ మిగిలాము.

2. పార్కు మెరక మీద, కాలువ పల్లంలో ఉన్నందున గూడ వేసి నీళ్ళు పెడుతున్నాము. గూడ అనగా, నూనె డబ్బాకు రెండు వైపులా తాళ్ళు కట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కాలువలో ముంచి, ఊపి, నీళ్ళు పైనున్న బోదె కాలువలోకి విసురుట. మా నాన్నగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం చేసిన రోజుల్లో నాకు నేర్పిన పని ఇది. జలీల్ గారికి నేను నేర్పాను. ఇద్దరూ ఒకేసారి వంగి ఒకేసారి లేవాలి గనుక లెక్క పెట్టుకుంటూ వేయాలి. ఆయన "ఏక్" అంటే నేను "రెండు" అనాలి. ఆయన "తీన్" అంటే నేను "నాలుగు" అనాలి. ఎక్కడో ఒకచోట లెక్క తప్పేది. "నువ్వే తప్పినవ్ నారాయణన్నా, నీ కన్ను చాయ్ దుకాణం దిక్కున్నది" అనేవారు. ఆ తగవు మరుసటి ఆదివారం దాకా సాగేది.

3. జలీల్ గారు మోకాళ్ళు సహకరించక దుకాణం ఖాళీ చేసి, బిచ్కుందలో కూతురు సుమయ్యా ఇంటికి వెళ్ళిపోయారు. బస్సెక్కుతూ, "ఇగ చెట్లు నీ జిమ్మ అన్నా" అన్నారు. చెట్లను నాకు అప్పగించారు గాని, నన్ను ఎవరికీ అప్పగించలేదు.

4. తదుపరి ఆదివారం అవతలి తాళ్ళను వేపచెట్టుకు కట్టి, నేనొక్కణ్ణే గూడ వేయుటకు ప్రయత్నించితిని. చెట్టు వంగదు. నీళ్ళన్నీ నా కాళ్ళ మీదనే పడినవి. "రెండు" అని ఆగాను. "తీన్" అని ఎవరూ అనలేదు. ఈ అవస్థను తమ ఇన్‌స్పెక్టర్ గారు చూసి, జాలిపడి, మోటారుకు రాసి పంపారు. ఆయన మంచి మనిషి, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

5. సోమవారం మోటారు బిగిస్తారట. దానంతటదే నడిచి, దానంతటదే ఆగుతుందట, మనిషి అక్కరలేదట. నా బాధ అదే. చెట్లకు నీళ్ళు అందుతాయి, సంతోషం. కానీ ఆదివారం నేను ఎక్కడికి పోవాలి? నా భార్య కాలం చేసిన తర్వాత వారం పొడుగునా మా ఇంట్లో వినపడేది, రీఛార్జి గడువు ముగుస్తున్నదని ఫోన్లో చెప్పే అమ్మాయి గొంతు. జవాబు చెప్పినా ఆమె వినదు. ఆదివారం వస్తుందనే శనివారం చొక్కా ఉతుక్కుంటాను. అయ్యా, నాకు చాలా ఒంటరిగా ఉంది. ఇది ఏ శాఖ కిందికి వస్తుందో తెలియక తమకు రాసుకుంటున్నాను.

6. ముందుగా విచారించుటకు ఆఫీసుకు రాగా, అటెండర్ సమ్మన్న, "ఏంది సారూ, అందరు మోటార్ ఇయ్యుండ్రని తిరుగుతరు, మీరేమో వద్దంటుండ్రు? మనిషిని ఇచ్చేటట్టు స్కీముల లేదు" అన్నాడు. "పోనీ, నువ్వు రాగూడదూ?" అని అడిగాను. "ఆదివారమే గద సారూ నాకు నస్రుల్లాబాద్ల పొలం పని" అన్నాడు. నిజమే మరి.

కావున తమరు దయయుంచి సదరు మోటారును నీళ్ళు పెట్టే దిక్కు లేని మరో పార్కుకు పంపి, మాకు ఒక మనిషిని ఇప్పించగలరు. ఆడా మగా, వయసూ పట్టింపు లేదు. పని రాకపోతే నేర్పుతాను. కబుర్లు చెప్పేవారైతే మరీ మంచిది, చెప్పనివారైనా లెక్క మాత్రం పెట్టాలి. మోటారు తప్పదంటే బిగించండి, కానీ ఆదివారం ఒక్క రోజు దాన్ని ఆపించండి. నా మనవిని తమరు నిదానంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెంకటనారాయణ

తా.క.: ఈ అర్జీని జలీల్ గారికి ఫోన్లో చదివి వినిపించాను. "మోటార్ పెట్టనియ్యన్నా, నడుము పోతది నీకు" అన్నారు. నేను ఊరికే "రెండు" అన్నాను. ఆయన "తీన్" అన్నారు. కానీ ఫోన్లో నీళ్ళు పారవు గదా. ఈ ఆదివారం వేపచెట్టు నుంచి తాళ్ళు విప్పి ఉంచుతాను. మనిషి ఎవరూ దొరక్కపోతే తమరే రండి, పాత చెప్పులు వేసుకుని రండి, కాళ్ళు తడుస్తాయి. పని ఏమీ రాకపోయినా ఫర్వాలేదు. తమరు "ఒకటి" అనండి చాలు, "రెండు" నేనంటాను.