సువ్దా పుట్టు వెంట్రుకలు

అమ్మకు,

నీ చిన్న కూతురు ఓయున్ రాసుకునేది. నేనూ, పిల్లలూ, వాళ్ల నాన్నా బాగున్నాం. ఈ వసంతపు దుమ్ముగాలికి నువ్వూ, కొత్తగా ఈనిన గొర్రెలూ తట్టుకుని నిలబడ్డారనే నమ్ముతున్నాను. దాంబా మామ లారీ రేపు మీవైపు వస్తోంది. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

నువ్వు పంపిన ఎండు పెరుగు గడ్డలు అందాయి. పెద్దాడు సగం బడికి పట్టుకుపోయి పంచేశాడు. ఇక్కడి బొగ్గు పొగ సంగతి అడిగావు. చలికాలపు పొయ్యిల కాలం అయిపోయింది, దగ్గులు తగ్గాయి. "కొరియావాళ్ల దేవుడి దగ్గర చేరాక మన పద్ధతులన్నీ మరిచిపోయావా?" అని కూడా అడిగావు. దానికి జవాబు ఒక్క మాటలో రాదు. కొంచెం ఓపికపట్టి చదువు.

మా మిషన్ ఆసుపత్రికి నెల కిందట దొల్గోర్ అవ్వ అనే ఆవిడ మనవరాలిని ఎత్తుకొచ్చింది. పిల్ల పేరు సువ్దా, రెండేళ్లు. తలలో నీరు చేరి, మెడ నిలబడటం లేదు. తల్లి లేదు, తండ్రి గనుల్లో పని. కొరియా నుంచి ఆపరేషన్ చేసే డాక్టర్లు వచ్చి ఒక్క వారమే ఉంటారు. తలలో సన్నని గొట్టం పెట్టి నీరు దించేస్తే పిల్ల బతుకుతుందని మా కొరియా డాక్టరమ్మ, సొ గారు, చెప్పింది. పన్నెండేళ్లుగా ఈ కొండమీది గుడారాల పేటలోనే ఉంటున్న మనిషి ఆవిడ. ఆవిడ మాటల్ని మన భాషలో చెప్పడమే నా ఉద్యోగం.

అన్నిటికీ తలూపిన అవ్వ, జుట్టు తీయాలి అనగానే పిల్లను దుప్పట్లో చుట్టేసింది.

"పుట్టు వెంట్రుకలే తీయలేదు దీనికి! రోజు చూడకుండా, పెద్దలు లేకుండా కత్తెర పెడతారా? గొర్రె ఉన్ని కత్తిరించడానికైనా రోజు చూస్తాం మేము."

డాక్టరమ్మ నావైపు తిరిగి, "ఆలస్యమైతే చూపు పోతుంది, తరవాత ప్రాణమే పోతుంది. అలాగే చెప్పు," అంది.

నేను అలా చెప్పలేదు. "అవ్వా, మా తాతయ్య లామా. జుట్టు తీసే రోజులు ఆయన పుస్తకంలో చూసి నేర్చుకున్నాను. రేపు చాలా మంచిది," అన్నాను.

"ఏ ఊరి లామా?" అని అడిగింది. తాతయ్య పేరు చెప్పాను. అవ్వ దుప్పటి విప్పింది.

మర్నాడు అవ్వ మన పద్ధతి ప్రకారం కత్తెరకు నీలి పట్టుగుడ్డ కట్టి తెచ్చింది. ఆసుపత్రిలో వేరే మతాల తంతులు కూడదని మా పాస్టరుగారి నియమం. "ఏమిటిది?" అని డాక్టరమ్మ అడిగితే, "ఏం లేదు, పెద్దవారని మీ ఆశీర్వాదం అడుగుతున్నారు," అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థించి మొదటి పాయ కత్తిరించింది. అవ్వ రెండోది తీసింది. నర్సమ్మ గొట్టం పెట్టాల్సిన పక్కంతా గొరిగింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. సాయంత్రానికి జ్వరం వచ్చింది. పిల్ల కళ్లు తెరవలేదు.

ఇప్పుడు చెబుతున్నాను అమ్మా. తాతయ్య పుస్తకంలో ఆ తిథికి ఏమని ఉందో నాకు తెలుసు. ఆయుష్షు తరుగు. తెలిసే మంచిదన్నాను. నాలుగు రోజులాగితే మంచి తిథి వచ్చేది, కానీ అప్పటికి వారం అయిపోయి ఆ డాక్టర్లు ఉండేవారు కాదు. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయినా, ఆ జ్వరం చూస్తుంటే తాతయ్య గొంతే చెవిలో వినబడింది. రెండో రోజు మధ్యాహ్నం వెళ్లి అవ్వతో ఆడినదీ, తనతో ఆడినదీ, రెండు అబద్ధాలూ డాక్టరమ్మ ముందు ఒప్పేసుకున్నాను.

ఆవిడ లేచి నిలబడింది. "జ్వరానికీ ఆ తిథికీ సంబంధం లేదు. ఆమె నిన్ను నమ్మి పిల్లని ఇచ్చింది, దానికి మాత్రం సంబంధం ఉంది. పద, చెబుదాం," అంది.

"ఇప్పుడా? పిల్ల ఇంకా లేవలేదు."

"లేచాక చెబితే అది ఒప్పుకోవడం కాదు, ఓయున్."

అవ్వకు చెప్పాను. "నీ నాలుక కోసి పడేస్తే కుక్క కూడా ముట్టదే! చచ్చిన తాత పేరు మీద అబద్ధమా?" అని ముఖం తిప్పేసుకుంది. నేనిచ్చిన టీ నేల మీదే చల్లారిపోయింది. డాక్టరమ్మ తలవంచి, "నాదీ తప్పే, ఇదేమిటని గట్టిగా అడగాల్సింది," అంది. ఆ మాటను ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను.

మూడో రోజు పొద్దున జ్వరం దిగింది. మధ్యాహ్నానికి సువ్దా కళ్లు తెరిచి, అవ్వ ముక్కు పట్టుకుని పాలు కావాలంది. ఆసుపత్రి వెనక బొగ్గుల కొట్టు దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చాను.

ఆ తరవాత అవ్వ కబురు పెట్టింది. కోపం పోలేదు, గొంతు మాత్రం దిగింది.

"నువ్వు నిజం చెప్పుంటే నేను వెళ్లిపోయేదాన్నే. పిల్ల పోయేది. అయినా నిన్ను మెచ్చుకోను."

"మెచ్చుకోవద్దు అవ్వా."

"దీనికి ఇంకో పక్క జుట్టు మిగిలింది కదా. దాన్ని సరైన రోజున, మా గుడారంలో తీయిస్తాను. ఆ కొరియా ఆవిడ రావాలి. నువ్వూ రా. రోజు మాత్రం నీ నోటివెంట వద్దు. ఆ పుస్తకం మీ అమ్మ దగ్గరుందన్నావుగా, ఆమెనడిగి రాయించుకుని తీసుకురా, కాగితం నేను చూడాలి."

డాక్టరమ్మ పాస్టరుగారికి అంతా తనే చెప్పింది. ఆయన రెండు ఆదివారాలు ప్రార్థనలో నన్ను అనువాదం చేయనివ్వలేదు. న్యాయమే. అవ్వ గుడారానికి మాత్రం ఆయనా వస్తానన్నాడు, అక్కడ ఆయన నియమం చెల్లదు కదా అని నవ్వాడు.

నువ్వడిగినదానికి నా జవాబు ఇదే అమ్మా. మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. తాతయ్య పేరు చెడగొట్టాను, నన్ను తిట్టు. తిట్టాక పుస్తకం దించి, వచ్చే నెలలో ఆడపిల్ల జుట్టుకు మంచి రోజు చూసి నీ చేత్తోనే రాసి దాంబా మామకివ్వు. ఏ రోజు రాస్తే ఆ రోజే. ఈసారి తొందరేమీ లేదు.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న నీ చిన్న కూతురు
ఓయున్