ఉలి పట్టినవాళ్ళు ఆఁ అనాలి

జూన్ 3, మంగళవారం

ఇవాళ ఒక తప్పు చేశాను. ఎంత పెద్దదో ఇంకా తెలీదు. తెలిసేలోపే రాసేస్తే మంచిది.

ఫిల్మ్ నగర్‌లో మ్యూజిక్ డైరెక్టర్ కమలాకర్ గారి స్టూడియోకి ట్రాక్ పాడటానికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళుగా నా పని ఇదే. పాట ఎలా ఉంటుందో హీరోకి, డైరెక్టర్‌కి వినిపించడానికి ముందు నేను పాడతాను. తర్వాత పెద్ద సింగర్ వస్తారు, నా గొంతు తీసేస్తారు. ఇవాళ లిరిక్ కూడా రాలేదు. అలాంటప్పుడు డమ్మీ మాటలు పాడాలి, నోటికేదొస్తే అది. నేను బస్సు నంబర్లు, కూరగాయల పేర్లు పాడిన రోజులున్నాయి.

కమలాకర్ గారు లూప్ వేసి, ట్యూన్ కుదరట్లేదమ్మా స్ఫూర్తీ, నువ్వే ఏదన్నా రఫ్‌గా పాడు, మట్టి వాసన రావాలి అన్నారు. కళ్ళు మూసుకున్నాను. నా నోరు దానంతటదే, రాళ్ళు కొట్టిన అనసూయమ్మ దగ్గర విన్న పాటలోకి వెళ్ళిపోయింది.

ఎవరి గుట్ట ఇది ఎంకమ్మా, ఆఁ
ఎవరు మోసిన రాయి ఎంకమ్మా, ఆఁ
మేడ లేచెనే గుట్ట ఒరిగెనే
మన గుడిసెకే రాయి లేదమ్మా, ఆఁ

కళ్ళు తెరిచేసరికి అద్దం అవతల ఆయన లేచి నిలబడి ఉన్నారు. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన కుర్చీలోంచి లేవడం నేను చూడలేదు. ఎవరిదమ్మా ఇది అన్నారు.

ఊరికే వచ్చింది సార్ అన్నాను.

ట్రాక్ సింగర్లం అందరం అంతే అంటాం. బూత్‌లో ఏం బాగా వచ్చినా, ఊరికే వచ్చింది సార్. అది మా వినయం, మా అలవాటు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని అమ్మ ఊరికే అనేది కాదు.

జూన్ 5, గురువారం

ఎర్రగడ్డలో ప్రాక్టీస్. టైల్స్ గోడౌన్ పైన రేకుల గది, మా బ్యాండ్‌కి అదే ఇల్లు. బ్యాండ్ పేరు సమ్మెట. పేరు చెప్పినప్పుడు మా నాన్న, సుత్తి అని పెట్టుకోకపోయారా, ఉన్నమాట చెప్పినట్టుండేది అన్నాడు.

ముగ్గురం. నేను గొంతు, గిటార్. మౌళి బాంజో, మౌత్ ఆర్గాన్. రాజమండ్రి నుంచి ఐటీ ఉద్యోగానికొచ్చి, అమెరికా గనుల్లో, రైలు పట్టాల మీద కూలీలు పాడుకున్న పాటల పిచ్చిలో పడ్డాడు, వాటినే అమెరికానా అంటాడు. భిక్షం డప్పు. అమెరికానా అంటే ఏందిరా అని మొదటిరోజు భిక్షం అడిగాడు. కూలివాడి పాటకి కరెంటు పెట్టడం రా అన్నాడు మౌళి. గట్లైతే మా అమ్మని తోల్కొస్త అన్నాడు భిక్షం. తీసుకొచ్చాడు.

అనసూయమ్మ. జూబ్లీహిల్స్ గుట్టల్ని కొట్టి ప్లాట్లు చేసిన మనుషుల్లో ఆమె ఒకరు. ఫిల్మ్ నగర్ వెనక బస్తీలో ఉంటుంది. మౌళి అమెరికా పాట వినిపిస్తే, వీళ్ళు గూడ రాళ్ళు కొట్టినోళ్ళేనా బిడ్డా, ఊపిరి గట్లనే ఉన్నది అంది. మౌళిగాడు ఏడ్చేశాడు.

ఆమె పాటకి ఒక కట్టు ఉంది. సమ్మెట ఎత్తినవాళ్ళు ఒక పాదం పాడతారు. ఉలి పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆఁ అనాలి. అప్పుడే దెబ్బ వెయ్యాలి. ఆఁ రాకపోతే సమ్మెట గాల్లోనే ఆగాలి, ఎందుకంటే దెబ్బ తప్పితే పోయేది ఉలి పట్టినవాళ్ళ చెయ్యి. బ్యాండ్‌లో నేను పాడతాను, భిక్షం ఆఁ అంటాడు, డప్పు పడుతుంది.

మంగళవారం బూత్‌లో భిక్షం లేడు. ఆఁ కూడా నేనే అన్నాను.

బస్తీలో నూట నలభై ఇళ్ళకి ఖాళీ చేయమని నోటీసులు అంటించారు. 29న కమ్యూనిటీ హాల్లో అధికారులు వచ్చి అభ్యంతరాలు వింటారట. అక్కడ ఈ పాట పాడాలని బస్తీ అంతా అడుగుతోంది. ఏ గుట్ట ఎవరు కొట్టారో, ఏ కరువులో గుడిసె వేశారో మిగతా చరణాల్లో ఉంది. వాళ్ళ దగ్గరున్న కాగితం ఆ పాట ఒక్కటే.

భిక్షానికి చెప్పాలి. చెప్పలేదు. ఎలాగూ డమ్మీయే కదా, తీసేస్తారు.

జూన్ 9, సోమవారం

ఫోన్ మోగితే చాలు స్టూడియో నుంచేమోనని ఉలిక్కిపడుతున్నాను. గ్యాస్ సిలిండర్ మెసేజ్‌కి కూడా.

జూన్ 12, గురువారం, సాయంత్రం 5

తీసెయ్యలేదు.

కమలాకర్ గారి మేనేజర్ హైమ ఫోన్ చేసింది. కంగ్రాట్స్ అండీ, హీరో గారికి మీ గొంతే కావాలంట, వేరే సింగర్ వద్దన్నారు, వచ్చి సంతకం పెట్టండి అంది. ఆటోలో ఏడ్చాను. సంతోషంతోనే, ఎందుకు అబద్ధం. తొమ్మిదేళ్ళు. నేను పాడిన ఎన్ని పాటలు ఎవరెవరి పేర్లతోనో పెళ్ళిళ్ళలో మోగాయో లెక్కలేదు. ఒక్కసారి, ఒక్క పాటకి నా పేరు.

ఫారంలో ఇంగ్లీషులో ఒక లైను ఉంది. ఈ ట్యూన్, ఈ మాటలు నా సొంతం, ఇంకెవరికీ ఇందులో భాగం లేదు అని. పెన్ను అక్కడ ఆగింది. హైమ, అది స్టాండర్డ్ అండీ, అందరూ పెట్టేదే అంది. ఆ లైను ఇంకోసారి చదివాను. అయినా పెట్టాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

జూన్ 15, ఆదివారం

ప్రాక్టీస్. భిక్షం ఆఁ అన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. జర గొంతు బాగలేదా అక్కా, మిరియాల పాలు తాగు అన్నాడు.

జూన్ 20, శుక్రవారం, పొద్దున 11:07

టీజర్ వచ్చింది.

హీరో జేసీబీ మీద నిలబడి వస్తాడు. వెనక గుట్ట, ముందు గుడిసెలు. ఎవరి గుట్ట ఇది అని నా గొంతు అడుగుతుంది. నాది అని హీరో చెయ్యి ఎత్తుతాడు. మిగతా మాటలన్నీ మార్చేశారు. నా ఆఁని మాత్రం ఉంచి, ముక్కలు కోసి బీట్‌లా వేశారు. ఆఁ, ఆఁ, ఆఁ. మూడోదానికి గోడ కూలుతుంది.

ఛీ. నా గొంతు. నా గొంతేనా అని మళ్ళీ మళ్ళీ విన్నాను. చాలా బాగుంది. అదే నా ఖర్మ.

అదే రోజు, సాయంత్రం 6

భిక్షం కృష్ణానగర్‌లో నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నువ్వు అమ్మినవా, ఇచ్చినవా అన్నాడు. రెండూ కాదు, ఎవరిదని అడిగితే ఊరికే వచ్చిందని చెప్పానన్నాను.

ఊరికే వచ్చిందా, మా అమ్మ ఏళ్ళు గూడ ఊరికేనే పొయినయా అన్నాడు. ఆమె ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఎలా పోయాయని నేను ఎప్పుడూ అడగలేదు. వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ఇగ నీ పాటకి నేను ఆఁ అన. ఎవ్వల్నన్న సూస్కో.

అక్కా అనలేదు.

జూన్ 21, శనివారం

రేకుల గదిలో అనసూయమ్మ పాడిన మా పాత వీడియో యూట్యూబ్‌లో లేదు. హక్కుదారు ఫిర్యాదు మీద తీసేశామని వచ్చిందంటూ మౌళి ఫోన్ చేశాడు. హక్కుదారు ఎవరండీ స్ఫూర్తి గారూ అన్నాడు. ఆరేళ్ళలో నన్ను గారు అనడం ఇదే మొదటిసారి.

జూన్ 23, సోమవారం

బస్తీకి వెళ్ళాను. ఎలా వెళ్ళానో గుర్తులేదు. గుమ్మాల మీద నోటీసులు, కొన్నింటి మీద గుమ్మానికి రాసిన పసుపే పూసి ఉంది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

అనసూయమ్మ టీ పెట్టింది. పక్కింటివాళ్ళ ఫోన్‌లో టీజర్ చూసిందట. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్వకు, గొంతు పోతది అంది. నీ పాట దొంగిలించానమ్మా అన్నాను.

పాట నాది గాదు బిడ్డా, మా అత్త పాడంగ ఇన్న, ఆమె ఎవ్వలకాడ ఇన్నదో. పాడితే పాడినవ్. గని ఆఁ నువ్వెట్ల అన్నవ్? ఆమెకి కోపం వచ్చింది అప్పుడే. సమ్మెట ఎత్తినోళ్ళు ఆఁ అనొద్దు. ఓపాలి నేను ఉలి పట్టుకున్న, ఇంక సర్దుకోలే. ఎండ పడ్డది, జల్దీ జల్దీ అని మేస్త్రే ఆఁ అన్నడు. సమ్మెటోడు నేనే అన్న అనుకున్నడు. సూడు.

ఎడమచెయ్యి నా ముందు చాపింది.

నేనేం చెయ్యాలి అని అడిగాను. నాకేం ఎరుక, సదువుకున్నదానివి, ఆఁ అన్న నోటితోనే కాదని చెప్పు అంది. టీ చల్లారిపోయిందని మళ్ళీ వేడిచేసి ఇచ్చింది.

జూన్ 24, మంగళవారం

ఉత్తరం రాశాను. తెలుగులోనే. ఈ పాట నాది కాదు, అనసూయమ్మగారి బస్తీది. నాదని జూన్ 12న నేను పెట్టిన సంతకం అబద్ధం. ఆఁ అనే అధికారం నాకు లేదు. ఒక కాపీ కమలాకర్ గారికి, ఒకటి ఆ సినిమా కంపెనీకి, ఒకటి 29న అధికారుల ఫైల్లోకి.

పోస్టాఫీసు నుంచి బయటికొచ్చి చెరుకురసం తాగాను.

జూన్ 26, గురువారం

కమలాకర్ గారు పిలిపించారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. ఎవరిదమ్మా అని నేను అడిగాను కదా అన్నారు. ఒక్క మాట చెప్పుంటే ఆవిణ్ణే కూర్చోబెట్టి పాడించేవాణ్ణి కదా, జేసీబీ మీద పెడతామంటే అడ్డుపడేవాణ్ణి కదా. ఇప్పుడు నా చేతుల్లో ఏముంది? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు.

బయట హైమ కంపెనీ పంపిన నోటీసు చేతికిచ్చింది. ఆ పాట నేను గానీ బ్యాండ్ గానీ ఎక్కడ పాడినా కేసు. సినిమాలో నా గొంతు తీసేస్తున్నారు, పేరు కూడా. కానీ పాట ఉంటుంది, ఇంకొకరు పాడతారు. సినిమా వాళ్ళది చిన్న ఊరండీ, ఇక మిమ్మల్ని ఎవరు పిలుస్తారు అంది. నిజంగా బాధపడుతూనే అంది.

తొమ్మిదేళ్ళు. సరే.

జూన్ 28, శనివారం

మౌళి వచ్చాడు. గారు పోయింది, ఒసేయ్‌లోకి దిగాడు. కేసేగా, నా ల్యాప్‌టాప్ కూడా పట్టుకుపొమ్మను అన్నాడు. రేపు భిక్షం రాకపోతే ఆఁ నేనంటానే అన్నాడు. వద్దన్నాను. నువ్వు ఉలి పట్టలేదు, నేనూ పట్టలేదు. మరి ఎవరూ అనకపోతేనో అన్నాడు.

అనకపోతే ఆగిపోవాలి. పాట కట్టు అంతే. అంతమంది ముందు, అధికారుల ముందు, మొదటి పాదం పాడి, దిగిపోవాలి. వాళ్ళ ఒక్క కాగితం నా వల్ల చదవకుండా మిగిలిపోతుంది. భయంగా ఉంది. నిజం చెప్పాలంటే చచ్చేంత భయంగా ఉంది. భిక్షానికి పదకొండు మెసేజ్‌లు పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

జూన్ 29, ఆదివారం, మధ్యాహ్నం 2

ఉత్తరం నేనే చదివాను. తర్వాత మొదటి పాదం పాడి ఆగాను.

మైకులో ఫ్యాన్ చప్పుడు వినిపించింది. అధికారి ఫైల్లోంచి తలెత్తాడు. అనసూయమ్మ కొడుకు వైపు చూసింది. భిక్షం గోడకి ఆనుకుని, డప్పు కాళ్ళ దగ్గర పెట్టుకుని, తల్లి చేతినే చూస్తున్నాడు.

ఆఁ అన్నాడు. కోపంగానే అన్నాడు.