నల్ల ఇంజన్

టూవూంబా

బుల్లీ,

ఇక్కడ నేను, మీ నాన్న ఉన్నాం. క్షేమమే అనుకో. అక్కడ పెర్త్ హారిస్‌డేల్‌లో నువ్వు, అల్లుడుగారు, పాప బాగున్నారని తలుస్తాను. ఫోన్లో నా గొంతు వింటే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాల్సింది మింగేస్తాను. అందుకే నువ్వు రాసినట్టే నేనూ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మోకాలు ఎలా ఉందని అడిగావు. ఈ ఊరి చలికి పొద్దున్నే లేవనంటుంది, మధ్యాహ్నానికి దారికొస్తుంది. మీ నాన్న నైట్ షిఫ్టు మానేశారు. మీ తమ్ముడి గదిలో పక్కదుప్పట్లు మార్చానా అన్నావు. మార్చలేదు. అది అడగకు.

ఇక వంశీ బండి సంగతి. ఆ పాత స్టేషన్ వ్యాగన్ కారుకి వాడు కోరిన ఇంజనే పెట్టించారా అన్నావు. ఆసుపత్రిలో వాడు అన్నది నీకు తెలుసు కదా. "అమ్మా, నేను లేకపోయినా దాన్ని తుక్కుకి ఇవ్వొద్దు. బిగ్ బ్లాకే పెట్టించు" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ లేచి తిరుగుతున్నాను.

ఇంజన్ బిగిస్తానన్న వాడి స్నేహితుడు దీక్షిత్‌కి ఆ రోజు డ్యూటీ ఉంటే, పాత బళ్ళు విప్పి అమ్మే యార్డుకి మేమిద్దరమే వెళ్ళాం. రెండు ఇంజన్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి నారింజ రంగుది, ఒకటి నల్లది. నేను నల్లదాని మీద చెయ్యి వేసి "బిగ్ బ్లాక్" అన్నాను. యార్డు ఆయన నవ్వి "యా, బ్లాక్ వన్, గుడ్ వన్" అన్నాడు.

"ఆ నారింజది ఇంకాస్త లావుగా ఉన్నట్టుందే" అన్నారు మీ నాన్న.

"వాడు బ్లాక్ అని చెప్తే నారింజది కొంటారా?" అని నేనే కసిరాను. పాపం, డబ్బు కట్టి నల్లదే ఇంటికి తెప్పించారు.

సాయంత్రం దీక్షిత్ వచ్చి, దాని చుట్టూ తిరిగి, తల గోక్కున్నాడు.

"ఆంటీ, ఇది స్మాల్ బ్లాక్."

"నల్లగా నిగనిగలాడుతుంటే కళ్ళు కనిపించట్లేదా నాయనా?"

"బ్లాక్ అంటే నలుపు కాదాంటీ. ఇంజన్ మొండెం. ఆ ఇనప దిమ్మ. వంశీగాడు చెప్పింది ఆ ఆరెంజ్‌దే అయ్యుంటుంది."

"లావుగా ఉందని చెప్పానా" అన్నారు మీ నాన్న నా వంక చూసి. వంశీ పోయాక మేం నవ్వింది అప్పుడే. నవ్వుతూనే నేను కూలబడిపోయాను.

దీక్షిత్ ఓదార్చాడు. "వర్రీ అవకండి ఆంటీ. యార్డ్‌కి ఫోన్ చేశా, మార్చి ఇస్తామన్నారు. నో డ్రామాస్, ఏ ఇబ్బందీ లేదు. ఈ చిన్నదైతే ఉన్నచోట కూర్చుంటుంది. ఆ పెద్దది పట్టాలంటే బండిని ముందు కొంచెం కట్ చెయ్యాలి, అంతే." సుద్దముక్క తీసుకుని బానెట్ కింద గీతలు గీశాడు. ఇక్కడ కోయాలి, ఇక్కడ కూడా అని చూపించాడు.

బుల్లీ, నువ్వు పెర్త్ నుంచి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. వాడి పొట్టమీద డాక్టరు పెన్నుతో గీసిన గీతలు నువ్వు చూడలేదు. నేను చూశాను. ఆయన కూడా ఇలాగే వేలితో చూపించి చెప్పాడు. సరే కోయండి అని నేనే తలూపాను.

ఇక్కడ అడిగినవాళ్ళకల్లా బిగ్ బ్లాకే పెట్టించామని చెప్తున్నాను. నీకు అబద్ధం రాయలేను. మార్చొద్దని దీక్షిత్‌కి చెప్పేశాను.

"వంశీ ఒప్పుకోడాంటీ" అన్నాడు.

"ఒప్పుకోడు. అయినా కోయొద్దు" అన్నాను.

ఆ సుద్దగీతలు తడిగుడ్డతో నేనే తుడిచేశాను. ఆ పిల్లాడు ఇంకేం అనకుండా నల్లదే బిగించాడు. మీ తమ్ముడి చివరి మాట తెలిసే దాటాను, తల్లీ. వాడికి నేనేం చెప్పుకోవాలో తెలీడం లేదు. కానీ రేపు మళ్ళీ అడిగినా కోయొద్దనే అంటాను.

కోపమొస్తే నాలుగు మాటలు రాసెయ్యి, పడతాను. నువ్వు చిక్కిపోయావని అల్లుడుగారు అన్నారు. వేళకి కడుపునిండా తిను.

ఇట్లు,
మీ అమ్మ